మరి షాపేదీ?

నాన్న షాపులో తీసిన వీడియోని మొదటిసారి ఇంట్లో టీవీ మీద పెట్టినప్పుడు ఆయన ఒక నిమిషం పాటు ఏమీ మాట్లాడలేదు. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను. ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరా, 50 ఎంఎం లెన్స్, అపర్చర్ ఎఫ్/1.4. ఆయన మొహం మీద ప్రతి ముడతా కనపడుతోంది. కళ్ళజోడు అంచు మీద ట్యూబ్‌లైటు సన్నగా మెరుస్తోంది. వెనకాల అంతా వెన్నలా కరిగిపోయి ఉంది. "సినిమాటిక్" అంటాం కదా, అచ్చంగా అదే. అప్పుడు నాన్న అన్నారు: "బానే ఉందిరా. మరి షాపేదీ?"

ఆ షాపు ఇప్పుడు లేదు. రోడ్డు వెడల్పులో పోయింది. ముప్పై ఏళ్ళ పాటు రేడియోలు, టేప్‌రికార్డర్లు, టీవీలు, చివరి రోజుల్లో ఎమర్జెన్సీ లైట్లూ ఛార్జర్లూ బాగుచేసిన పదడుగుల షాపు అది. వెనక గోడ నిండా చెక్క సొరుగులు. ప్రతి సొరుగు మీదా అంగుళం ఎత్తు అక్షరాలతో నాన్న చేతిరాత: కండెన్సర్లు, బెల్టులు, హెడ్లు, బిసి 148, ఏసీ 187/188. వాటి పైన ఒక పొడుగాటి అర. రిపేరుకని ఇచ్చి మళ్ళీ రాని వాళ్ళ సెట్లన్నీ ఆ అర మీద ఉండేవి, ఒక్కోదానికీ పేరూ ఊరూ రాసిన చీటీ కట్టి. గోడ మీద ఎర్ర రంగు గుర్తు పెట్టి వెళ్ళాక, కూలగొట్టే లోపు ఇవన్నీ దాచుకోవాలని కెమెరా కొన్నాను. నలభై నిమిషాల ఫుటేజ్ ఉంది. అందులో నాన్న మొహం ఉంది. సొరుగులు లేవు. చీటీల మీద పేర్లు లేవు.

కొనేముందు మూడు నెలలు రివ్యూలు చూశాను. సెన్సర్ సైజులు, బిట్ రేట్లు, ఆటోఫోకస్ పరీక్షలు, అన్నీ. వాటిలో అబద్ధాలేం లేవు. కానీ ఆ రివ్యూలన్నీ కలిసి నాకు ఒక రుచి నేర్పాయి, నేర్పుతున్నాయని నాకు తెలియకుండానే. ఏ కెమెరా మంచిది అని అడగడానికి ముందు, ఏ బొమ్మ మంచిది అన్న ప్రశ్నకి జవాబు అందులో అప్పటికే ఇచ్చేసి ఉంది. మసకబారిన వెనకభాగం ఉన్న మొహమే మంచి బొమ్మ. నా తప్పెంత, ఆ రుచి తప్పెంత అని తేల్చుకోవడానికే ఇది రాస్తున్నాను.

*

ఈ రుచికి పుట్టినతేదీ దాదాపుగా చెప్పొచ్చు. 2008. ఆ ఏడాది నికాన్ డి90 వీడియో తీయగల మొదటి డీఎస్‌ఎల్‌ఆర్‌గా వచ్చింది. కొద్ది వారాల్లోనే కానన్ 5డి మార్క్ 2 ఫుల్ హెచ్‌డీతో వచ్చింది. అదే ఏడాది పానసోనిక్ జి1 పేరుతో మొదటి మిర్రర్‌లెస్ కూడా వచ్చింది, కానీ దానికి వీడియో లేదు కాబట్టి అప్పట్లో వీడియోవాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. నిజానికి డీఎస్‌ఎల్‌ఆర్‌తో వీడియో తీస్తున్నంతసేపూ దానిలో అద్దం పైకి లేచే ఉంటుంది, కంటిదగ్గర పెట్టుకునే వ్యూఫైండర్ చీకటైపోతుంది. అంటే వీడియో తీసేటప్పుడు ప్రతి డీఎస్‌ఎల్‌ఆరూ మిర్రర్‌లెస్సే. వాడనప్పుడు ఆ అద్దం ఎందుకన్న ప్రశ్నకి పరిశ్రమ జవాబు చెప్పడానికి పదేళ్ళు పట్టింది.

అంతకుముందు మామూలు మనుషులకి అందుబాటులో ఉన్న వీడియో కెమెరాల్లో సెన్సర్ గోరంత ఉండేది. చిన్న సెన్సర్ అంటే ముక్కు నుంచి కొండ దాకా అన్నీ ఒకేలా స్పష్టంగా పడతాయి. మన ఇళ్ళలో ఉన్న పెళ్ళి క్యాసెట్లు గుర్తు తెచ్చుకోండి. పెళ్ళికూతురెంత స్పష్టంగా ఉంటుందో వెనకాల పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలూ అంతే స్పష్టంగా ఉంటాయి. 5డి ఆ పెళ్ళి వీడియో నుంచి మనకి విముక్తినిచ్చింది. 2010లో 'హౌస్' అనే అమెరికన్ సీరియల్ సీజన్ చివరి ఎపిసోడ్ దానితో తీశారు. 2011లో రామ్‌గోపాల్ వర్మ 'దొంగల ముఠా'ని ఐదు రోజుల్లో కానన్ 5డి కెమెరాలతో తీసి, సినిమా తీయడానికి ఇక ఎవరి అనుమతీ అక్కర్లేదన్నట్టు ప్రకటించాడు. ఆ సినిమా సంగతి ఎలా ఉన్నా ఆ ప్రకటన పనిచేసింది. యూట్యూబ్‌లో తెలుగు షార్ట్ ఫిల్ముల వెల్లువ ఆ రోజులదే. ఇంజనీరింగ్ చదువుతూ వాటిని డౌన్‌లోడ్ చేసుకుని హాస్టల్లో చూసిన తరం మాది. వాటిలో హీరో దిగులుగా ఉంటే ట్యాంక్‌బండ్ మీద నిలబడేవాడు. వెనకాల దీపాలన్నీ గుండ్రటి రంగు బిళ్ళలయ్యేవి. ఆ బిళ్ళల్ని చూసి "అబ్బ, సినిమాలా ఉందే" అనుకునేవాళ్ళం.

అసలు చిక్కు అక్కడే ఉంది. సినిమా అలా ఉండేది కాదు. విస్టావిజన్, 65 ఎంఎం లాంటివి పక్కన పెడితే దశాబ్దాల పాటు సినిమా తీసిన ఫిల్మ్ మీద ఒక్కో ఫ్రేము వెడల్పు సుమారు 22 నుంచి 25 మిల్లీమీటర్లు. ఇవాళ ఏపీఎస్-సీ అని కొంచెం చిన్నచూపు చూసే సెన్సర్ దాదాపు అంతే. 36 × 24 మిల్లీమీటర్ల "ఫుల్ ఫ్రేమ్" స్టిల్ ఫొటోగ్రఫీ కొలత. ఆస్కర్ బార్నాక్ అనే జర్మన్ ఇంజనీరు సినిమా రీలునే అడ్డంగా నడిపించి, రెండు సినిమా ఫ్రేములంత చోట ఒక ఫొటో తీయడం వల్ల వచ్చిన కొలత అది. ఆ లైకా కెమెరా 1925లో బజారులోకి వచ్చింది. అంటే ఫుల్ ఫ్రేమ్ మీద ఎఫ్/1.4తో మనం "సినిమాటిక్" అని తీసే మసక, మనం గౌరవించే సినిమాల్లో చాలావాటికి అందుబాటులో కూడా లేదు. ఇది సినిమా నుంచి వచ్చిన అందం కన్నా, స్టిల్ ఫొటోగ్రఫీలోని పోర్ట్రెయిట్ నుంచి వచ్చిన అందమే ఎక్కువ. పోర్ట్రెయిట్ పని మనిషిని అతని చోటు నుంచి విడదీసి చూపించడం. నేను తీయాల్సింది సరిగ్గా దానికి ఉల్టా.

*

తర్వాత కూర్చుని లెక్క వేశాను. నాన్న నాకు మీటరున్నర దూరంలో కూర్చున్నారు. సొరుగులు ఆయన వెనక మరో మీటరున్నర దూరంలో ఉన్నాయి. 50 ఎంఎం, ఎఫ్/1.4 దగ్గర స్పష్టంగా ఉండే మందం ఏడున్నర సెంటీమీటర్లు. కంటి నుంచి చెవి దాకా కూడా పూర్తిగా రాదు. వెనక గోడ మీద ఒక్కో చుక్కా దాదాపు మూడున్నర సెంటీమీటర్ల వెడల్పు మసకగా పరుచుకుంటుంది. సొరుగు మీద అక్షరం రెండున్నర సెంటీమీటర్లు. అక్షరం కంటే మసక పెద్దది. అంటే అక్షరం కనపడకపోవడం కాదు, రికార్డే కాలేదు. రేపు ఏ ఏఐ సాఫ్ట్‌వేరు వచ్చి దాన్ని పదును పెట్టినా అది నాన్న చేతిరాత అవదు. చేతిరాత లాంటిదేదో ఊహించి రాస్తుంది, అంతే.

అదే లెన్సుని ఎఫ్/8కి మూస్తే స్పష్టంగా ఉండే మందం 44 సెంటీమీటర్లవుతుంది. గోడ మీద మసక ఆరుంపావు మిల్లీమీటర్లకి తగ్గుతుంది. గోడ ఇంకా కొంచెం మెత్తగానే ఉంటుంది, చూపు ముందు నాన్న మీదకే వెళ్తుంది. కానీ "బెల్టులు" అని చదవొచ్చు. నేను పోగొట్టుకున్నదానికీ దాచుకోగలిగినదానికీ మధ్య ఉన్నది కెమెరా మీద ఒక చక్రాన్ని ఐదు మెట్లు తిప్పడం.

ఇంకో సంగతి చెప్పాలి, నాకది ఇబ్బందే అయినా. షూటింగ్ మొదలుపెట్టే ముందు మా చెల్లికి వాట్సాప్‌లో పంపడానికి ఫోన్‌తో నలభై సెకన్ల క్లిప్ ఒకటి తీశాను. ఫోన్ సెన్సర్ చిన్నది కాబట్టి అందులో అన్నీ ఉన్నాయి. సొరుగులున్నాయి, అరలున్నాయి, గోడకి వేలాడే క్యాలెండరూ ఉంది. వాట్సాప్ దాన్ని నలిపేసింది, ట్యూబ్‌లైటు అందని మూలలన్నీ నూనె మరకల్లా అయిపోయాయి, అయినా మా షాపు ఇవాళ ఎక్కడైనా ఉందంటే ఆ నలభై సెకన్లలోనే ఉంది.

అయితే ఫోనే చాలదా అంటే, చాలదు. ఆ నూనె మరకల వల్లే చాలదు. అక్కడే మిర్రర్‌లెస్ అసలు గొప్పతనం ఉంది. రివ్యూలు దాన్ని చూపిస్తాయి గానీ దాన్ని దేనికి వాడాలో చెప్పవు.

*

1941లో వచ్చిన 'సిటిజన్ కేన్'లో ఒక సీను ఉంది. ముందు బల్ల దగ్గర తల్లి కాగితాల మీద సంతకం చేస్తూ ఉంటుంది. పక్కన బ్యాంకు మనిషి. కొంచెం వెనకగా, వద్దంటూ గొణిగే తండ్రి. వాళ్ళందరి వెనక కిటికీ, ఆ కిటికీలోంచి దూరంగా మంచులో ఆడుకుంటున్న పిల్లవాడు. ఆ సంతకం వాడి జీవితాన్ని మార్చేస్తోంది, వాడికి తెలీదు. నలుగురూ ఒకే ఫ్రేములో, ఒకే స్పష్టతతో ఉంటారు. కెమెరామన్ గ్రెగ్ టోలండ్ వైడ్ లెన్సులు వాడి, అపర్చర్ బాగా మూసి, ఆ లోటు తీర్చడానికి పెద్దపెద్ద ఆర్క్ దీపాలు వెలిగించి ఆ సినిమాని అలా తీశాడు. ఫ్రెంచ్ విమర్శకుడు ఆంద్రే బజాన్ ఈ డీప్ ఫోకస్‌ని మెచ్చుకోవడానికి చెప్పిన కారణం ఏమిటంటే, ఎటు చూడాలో ఎంచుకునే పని అది ప్రేక్షకుడికి వదులుతుంది. మసక ఆ పని మన తరఫున చేసేస్తుంది.

మన దగ్గరా వెలుతురుకి అలాంటి గౌరవం ఉండేది. తెలుగు సినిమాలో వెన్నెల అనగానే ఇప్పటికీ 'మాయాబజార్' తీసిన మార్కస్ బార్ట్‌లీ పేరే వస్తుంది. 1956లో 'అపరాజితో'కి సుబ్రతో మిత్ర, స్టూడియోలో వేసిన కాశీ ఇంటి సెట్టులో దీపాల్ని తిన్నగా కాకుండా గుడ్డ మీద పడేలా చేసి, ఆ తిరిగొచ్చే వెలుతురుతో నడవలోకి ఆకాశం నుంచి దిగే పగటి వెలుగుని సృష్టించాడు. వాళ్ళు బాధపడింది ఆ చోటు ఆ చోటులా కనపడటం లేదని.

టోలండ్‌కి ఆర్క్ దీపాలు కావాల్సి వచ్చిన పనిని ఇవాళ సెన్సర్ చేస్తుంది. ఎఫ్/1.4 నుంచి ఎఫ్/8కి వెళ్తే వెలుతురు 32 రెట్లు తగ్గుతుంది. ఐఎస్‌ఓ 400 దగ్గర తీసిన నా బొమ్మని అదే వెలుతురులో ఎఫ్/8తో తీయాలంటే ఐఎస్‌ఓ 12800 కావాలి. ఫిల్మ్ రోజుల్లో అది ఊహకందని అంకె. 2014లో సోనీ ఎ7ఎస్ కేవలం 12 మెగాపిక్సెళ్ళతో, పెద్ద పిక్సెళ్ళతో వచ్చి చీకట్లో వీడియో అంటే ఏమిటో మార్చేసింది. 2023లో గారెత్ ఎడ్వర్డ్స్ 'ది క్రియేటర్'ని ప్రధానంగా సోనీ ఎఫ్ఎక్స్3 అనే చిన్న కెమెరాతో తీశాడు. దాన్ని చాలాసార్లు 12800 దగ్గరే వాడారని దాని ఛాయాగ్రాహకులు చెప్పారు. ఎనభై మిలియన్ డాలర్ల సినిమా అది. అంత డబ్బున్నవాళ్ళు ఆ కెమెరాని ఎంచుకున్నది చవకని కాదు. చిన్న బృందంతో థాయిలాండ్, నేపాల్ లాంటి నిజమైన చోట్లకి వెళ్ళి, అక్కడ ఉన్న వెలుతురులో తీసి, గ్రాఫిక్స్ తర్వాత చేర్చొచ్చని. చోటు ముందు, బొమ్మ తర్వాత.

మనం అదే సెన్సర్ కొని, దాని చీకటి చూపుని వాడకుండా, లెన్సుని పూర్తిగా తెరిచి చోటుని చెరిపేస్తున్నాం.

*

మసకకి వకాల్తా పుచ్చుకునేవాళ్ళు చెప్పే ఒక మాట మాత్రం నేను కొట్టేయలేను. డబ్బుల్లేని వాడికి మసకే ఆర్ట్ డైరెక్షన్. కృష్ణానగర్ గదిలో షార్ట్ ఫిల్మ్ తీసే కుర్రాడికి సెట్టు వేసే స్తోమత లేదు. వెనకాల తాడు మీద ఆరేసిన బట్టలు, బకెట్టు, సిలిండరు కనపడకుండా చేయడానికి ఎఫ్/1.4 అతనికి అందిన వరం. నిజమే. అయితే ఆ కథలో హీరో కూడా చాలాసార్లు అలాంటి గదిలో ఉండే కుర్రాడే. ఆ బకెట్టూ సిలిండరే అతని కథ. దాన్ని చెరిపేశాక మిగిలేది దిగులు మొహం ఒక్కటే. దిగులు ఎందుకో చెప్పడానికి ఇక వాయిస్ ఓవర్ రాయాలి. మన షార్ట్ ఫిల్ముల్లో అంత వాయిస్ ఓవర్ ఎందుకుంటుందో నాకు ఈ లెక్క వేశాకే అర్థమైంది.

కథలు చదివేవాళ్ళకి ఇంకోలా చెప్తాను. కారా మాస్టారి 'యజ్ఞం' తీసుకోండి. దాన్ని ఎఫ్/1.4తో తీశామనుకుందాం. అప్పల్రాముడి మొహం స్పష్టంగా ఉంటుంది. వెనకాల మండపం, పంచాయతీకి చేరిన జనం, ఆ ఊరు, అన్నీ కరిగిపోతాయి. ఏం మిగులుతుంది? అప్పు తీర్చలేని ఒక ముసలాయన బాధ. కథ అది కాదు కదా. ఆ ఊరు ఎలా బాగుపడిందో, ఆ బాగులో ఎవరెక్కడ నిలబడ్డారో తెలియకపోతే ఆ అప్పు అర్థం కాదు. కారా రాసింది డీప్ ఫోకస్‌లో. ముందున్న మనిషీ వెనకున్న ఊరూ ఒకే స్పష్టతతో ఉండటమే ఆ కథ బలం.

అన్నింటినీ స్పష్టంగా తీస్తే చాలు గొప్ప బొమ్మ వస్తుందని నేననను. పెళ్ళి క్యాసెట్లో అన్నీ స్పష్టంగానే ఉంటాయి, ఎవరూ దేన్నీ ఎంచుకోలేదు కాబట్టి అందులో ఏదీ కనపడదు. డీప్ ఫోకస్ మసక కంటే కష్టం. వెనకాల ఉన్నదాన్ని కూడా చూసి, మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలో ఆలోచించాలి. మసక ఆ ఆలోచన నుంచి మనకి సెలవిస్తుంది. నేను ఆ సెలవు తీసుకున్నాను.

*

ఆటోఫోకస్ సంగతీ ఇలాంటిదే. ఇవాళ్టి కెమెరాలు మొహాన్ని గుర్తుపట్టి, అందులో కంటిని పట్టుకుని వదలవు. ఇంజనీరుగా అది నాకు అద్భుతమే. కానీ దానిలో ఒక అభిప్రాయం దాగుంది: మనిషంటే కన్ను. నాన్న సాల్డరింగ్ ఐరన్ పట్టుకుని బోర్డు మీద లెడ్డు కరిగిస్తున్నప్పుడు ఆయనంతా చేతుల్లోనే ఉంటారు. వేళ్ళు కంటికి ఒక అడుగు ముందున్నాయి. నా వీడియోలో ఆ పదినిమిషాలూ కెమెరా ఆయన కంటినే పట్టుకుని ఉంది. చేతులు మసక. ముప్పై ఏళ్ళు ఇల్లు నడిపిన చేతులు. ఆ మెనూలో మొహం గుర్తింపుని ఆపేసి, ఫోకస్‌ని చేత్తో బల్ల మీద పెట్టుకుంటే సరిపోయేది. ఆపొచ్చని తెలుసు. ఆపాలని తోచలేదు.

కరెంటు సంగతి ఇంకా నవ్వొస్తుంది. నేను నేర్చుకున్న పాఠాల్లో సగం అమెరికావాళ్ళవి. వాళ్ళు సెకనుకి 30 ఫ్రేములు, షట్టర్ 1/60 అని చెప్తారు. వాళ్ళ కరెంటు 60 హెర్ట్జ్, వాళ్ళకది సరిపోతుంది. మనది 50. మన పాత ట్యూబ్‌లైటు సెకనుకి వందసార్లు మినుకుతుంది. షట్టర్ 1/50 పెడితే ఒక్కో ఫ్రేములో సరిగ్గా రెండు మినుకులు పడతాయి, బొమ్మ నిలకడగా ఉంటుంది. 1/60 పెడితే ఒకటిన్నర చిల్లర. సెన్సర్ బొమ్మని ఒక్కసారిగా కాకుండా పై వరస నుంచి కింది వరసకి చదువుతుంది కాబట్టి ఆ తేడా అడ్డపట్టీలై ఫ్రేము మీద పాకుతుంది. తిరిగే ఫ్యాను రెక్కలు వంకరగా కనపడటానికీ ఆ వరసల చదువే కారణం. మొదటిరోజు ఫుటేజంతా పట్టీలే. ఇదేం జబ్బో అని నేను ఫోన్‌లో వెతుకుతుంటే నాన్న కెమెరా మెనూ చూసి, "పాల్ అని ఉందేమో పెట్టు. మనది పాల్ కదరా" అన్నారు. అమెరికా నుంచి ఎవరో తెచ్చిన క్యాసెట్ మన టీవీలో నలుపు తెలుపుల్లో దొర్లిపోవడం ఆయన ఎన్నిసార్లు చూశారో. పాల్ పెడితే 25 ఫ్రేములొచ్చాయి, షట్టర్ 1/50 చేశాను, పట్టీలు పోయాయి.

రంగు గురించి క్లుప్తంగా. లాగ్‌లో తీస్తే బొమ్మ పాలిపోయి ఉంటుంది, వెలుగునీడల వివరం ఎక్కువ దాస్తుంది కాబట్టి. దాని మీద లట్ అనే రంగుల సూత్రం వేసి మామూలుకి తేవాలి. నేను ఇంటర్నెట్‌లో దొరికిన ఒక లట్ వేశాను. నీడలు ఆకుపచ్చ-నీలంలోకి, చర్మం నారింజలోకి వెళ్ళాయి. నాన్న రంగు చామనచాయ. ఆ లట్‌లో ఆయన పసుపు రాసుకున్నట్టున్నారు. ఒకప్పుడు కోడాక్ ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి షర్లీ కార్డులని పంపేవారు, వాటి మీద తెల్ల అమ్మాయి ఫొటో ఉండేది. ఆ కార్డు పోయింది గానీ అలవాటు లట్ ప్యాకుల్లో బతికే ఉంది. కెమెరా 10-బిట్‌లో రికార్డు చేస్తుందా అని చూసుకోండి. 8-బిట్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లు, 10-బిట్‌లో 1024. లాగ్ తీస్తే ఆ తేడా ఆకాశంలో పట్టీలుగా తెలిసిపోతుంది. 8-బిట్ అయితే లాగ్ జోలికి వెళ్ళకుండా మామూలు ప్రొఫైల్లో, తెలుపు సరిగ్గా పెట్టుకుని తీయడం మేలు.

*

ఇప్పుడు ఎవరైనా స్నేహితులు "వీడియోకి ఏ మిర్రర్‌లెస్ కొనమంటావ్?" అని అడిగితే ఏం తీస్తావని ముందు అడుగుతున్నాను. మనిషినా, మనిషి ఉన్న చోటునా? చోటునైతే ఎఫ్/1.4 లెన్సు మీద పెట్టే డబ్బులు మిగిలాయి. 24 నుంచి 70 దాకా వెళ్ళే మామూలు జూమ్ ఒకటి చాలు, ఇరుకు గదుల్లో ఆ 24 చివరే ఎక్కువ పనికొస్తుంది. ఏపీఎస్-సీ సెన్సర్ చాలా, అంటే సినిమాకి చాలింది. చీకటి గదులు, రాత్రి వీధులు ఎక్కువైతే అప్పుడు ఫుల్ ఫ్రేమ్‌కి వెళ్ళండి, మసక కోసం కాకుండా 12800 కోసం. ఎండలో తీస్తే ఎన్‌డీ ఫిల్టర్ తప్పదు. షట్టర్ 1/50 దగ్గరే ఉంచితే మన మధ్యాహ్నం ఎండ ఎఫ్/16 దగ్గర కూడా ఎక్కువవుతుంది, అందుకే లెన్సుకి నల్లకళ్ళద్దం. మే నెలలో బయట 4కె గంటసేపు ఆగకుండా తీయాలంటే కెమెరా వేడెక్కి ఆగిపోతుందేమో ముందే అద్దెకి తెచ్చుకుని పరీక్షించండి. అద్దెకి తెచ్చుకోవడం మాత్రం మానకండి. మూడు నెలల రివ్యూలు చెప్పనిది రెండు రోజుల అద్దె చెప్తుంది.

అన్నింటికంటే ముందు మైకు జాక్, హెడ్‌ఫోన్ జాక్ రెండూ ఉన్నాయా చూడండి. బాడీకి పెట్టేదాంట్లో కొంత తగ్గించుకునైనా చొక్కాకి తగిలించే మంచి మైకు కొనండి. ఈ విషయంలో నా గురువు నాన్నే. నా ఫుటేజ్‌లో రోడ్డు మీద లారీ వెళ్ళినప్పుడల్లా ఆయన మాట మునిగిపోతుంది. నేను కెమెరాకున్న మైకునే నమ్ముకున్నాను. అది విని ఆయన అన్నారు: "బొమ్మ పోయిన సెట్టుని రేడియోలా వింటూ నెల రోజులైనా గడిపేస్తారు. మాట పోయిన సెట్టు మర్నాడే నా దగ్గరికొస్తుంది."

*

పోయిన దసరాకి ఊరెళ్ళినప్పుడు అదే కెమెరా పట్టుకెళ్ళాను. రోడ్డుకి అవతలి వరస పోలేదు. అక్కడ నాన్న స్నేహితుడి వాచీల షాపు ఉంది. ఆయన కొడుకులు బెంగళూరులో ఉంటారు, షాపు ఇంకెన్నాళ్ళో తెలీదు. ఆయన్ని తీస్తానంటే ఒప్పుకున్నారు. ట్రైపాడ్ మీద కెమెరా, 35 ఎంఎం, ఎఫ్/8, ఐఎస్‌ఓ 12800, షట్టర్ 1/50, మొహం గుర్తింపు ఆపేసి ఫోకస్ ఆయన చేతుల దగ్గర, చొక్కాకి మైకు. నాన్న నా పక్కన నిలబడి స్క్రీన్ చూస్తూ, "కొంచెం ఎడమకి జరుగు, గోడ రావట్లేదు" అన్నారు. జరిగాను. గోడ నిండా గడియారాలు, ఒక్కోటీ ఒక్కో టైము చూపిస్తూ.

రాత్రి ఇంట్లో టీవీ మీద పెట్టాం. మూలల్లో సన్నగా ఇసుక జల్లినట్టు నాయిస్ ఉంది. కిటికీలోంచి వచ్చే వెలుతురు కొంచెం మండింది. సినిమాటిక్ అని ఎవరూ అనరు. వాచీల ఆయన వేలెడు పట్టకారుతో ముల్లు ఎత్తి పెడుతూ ఏదో చెప్తున్నారు, ఆ మాట స్పష్టంగా వినపడుతోంది. నాన్న మాత్రం ఆయన్ని చూడట్లేదు. ముందుకి వంగి, "ఆపు, ఆపు, కొంచెం వెనక్కి పో" అన్నారు. ఆపాను. గోడ మీద పైవరసలో, కుడి చివర, పెండ్యులం లేని చెక్క గడియారం ఒకటి ఉంది.

"అది మనదేరా," అన్నారు. "రిపేరుకిచ్చి మర్చిపోయాం."